పాత నాయకుల పటం ఏ కాలంది? గోడ మీంచి దించడం నుంచి చీటీ రాయడం దాకా

ఇంట్లో తాతల నాటి పటం ఒకటి ఉంది, నిజాందో గాంధీదో నెహ్రూదో, లేదంటే పీవీ పక్కన మా పెద్దనాయన నిలబడ్డ గ్రూప్ ఫొటో, ఇది ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలామంది ముందు వైపు ఒక ఫొటో కొట్టి వాట్సాప్‌లో పంపి "ఏ సంవత్సరమో చెప్పండి" అంటారు. అద్దం మీద లైటు మెరుస్తూ, పూలదండ సగం ముఖాన్ని కప్పేసి ఉన్న ఆ ఫొటో చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. అసలు సమాచారమంతా వెనక ఉంటుంది. కాబట్టి వరసగా ఏం చేయాలో, ఎక్కడ ఆగిపోవాలో రాస్తున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి, తొందర ఉన్న రోజు మాత్రం ముట్టుకోకండి.

1. ఒక్క పటానికి మూడు తేదీలు

ఫొటో తీసిన రోజు ఒకటి. దాన్ని ఈ కాగితం మీద ప్రింట్ వేసిన రోజు ఇంకోటి. అద్దం, చెక్క పెట్టి పటం కట్టించిన రోజు మూడోది. మూడూ ఒకే నెలలో జరిగి ఉండొచ్చు, మధ్యలో యాభై ఏళ్లు గడిచి ఉండొచ్చు కూడా.

గాంధీ పటమే తీసుకోండి. ఇప్పుడు నోట్ల మీద కనిపించే ఆ నవ్వు ముఖం 1946లో బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ పక్కన నిలబడ్డప్పుడు తీసిన ఫొటోలోంచి వేరు చేసింది. అదే ముఖం మీ ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉంటే ముఖం 1946ది, కాగితం 1970లది, చెక్క మొన్నమొన్నటిది అయినా ఆశ్చర్యం లేదు.

అందుకే నోట్‌బుక్‌లో ముందే మూడు వరసలు గీసుకోండి: తీసింది, ప్రింట్ వేసింది, కట్టించింది. దొరికిన ప్రతి ఆధారాన్నీ అది ఏ వరసకు చెందుతుందో చూసి అందులోనే రాయాలి. ఒక్కో వరసలో రెండు సంవత్సరాలు వెతుకుతున్నాం: దీనికంటే ముందు అయ్యే అవకాశం లేదు, దీని తర్వాత అయ్యే అవకాశం లేదు. ఈ రెండూ దగ్గర పడుతున్న కొద్దీ తేదీ బిగుస్తుంది. వెనక అట్టలో దొరికిన పేపర్ తేదీ చూసి ఫొటో తీసిన తేదీ అదే అనుకోవడం దగ్గరే నూటికి తొంభై మంది దారి తప్పేది.

2. ముందు సమకూర్చుకోవాల్సినవి

- పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం (గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే రకం సరిపోతుంది)
- చిన్న టార్చి
- నోట్లు పరీక్షించే యూవీ లైటు
- మెత్తటి కుంచె, కొత్తదైతే మంచిది
- పల్చటి కత్తి, చిన్న పట్టకారు
- మెత్తటి పెన్సిల్, స్కేలు, టేపు కొలత
- శుభ్రమైన తెల్ల దుప్పటి, మేకులు వేసుకోవడానికి గిన్నె
- మూతికి మాస్కు, చేతులకు తొడుగులు

పెన్ను ఆ బల్ల దరిదాపుల్లోకి రానీయకండి. నీళ్ల గ్లాసు, చాయ్ కప్పు కూడా. ఫ్యాన్ ఆపేయండి, ఎందుకంటే వెనక నుంచి రాలే పేపరు ముక్క చిటికెన వేలు గోరంత ఉన్నా దాని మీద తేదీ ఉండొచ్చు.

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఉన్నప్పుడు ఫొటో పైపొర మెత్తబడి ఉంటుంది, వేలు తగిలితే అచ్చు పడుతుంది. మన దగ్గర సంక్రాంతి నుంచి ఉగాది దాకా అనువైన కాలం.

3. దించకముందు

గోడ మీద ఉండగానే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. పక్కన ఏ పటాలు ఉన్నాయో కూడా రావాలి. గడీల్లో, పాత కచేరీల్లో, గ్రంథాలయాల్లో పటాలు జతలుగా కట్టించేవాళ్లు. పక్క పటం చెక్క, ఈ పటం చెక్క ఒకే రకం అయితే ఒకదాని తేదీ దొరికితే రెండోదానికీ ఆధారం దొరికినట్టే.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. "ఇది ఎప్పటిది" అని అడిగితే "అబ్బో, మస్తు పాతది బిడ్డా" అంటారు, అక్కడితో అయిపోతుంది. సంఘటనలతో కలిపి అడగాలి. నీ పెళ్లినాటికి ఈ పటం ఉందా అమ్మమ్మా? కరెంటు వచ్చినప్పుడు ఇది ఈ గోడకే ఉందా? పాత ఇల్లు కూలగొట్టినప్పుడు ఎవరు దించారు? తాత సర్పంచ్ అయ్యాక తెచ్చిందా, ముందా? పెళ్లి సంవత్సరం ఎలాగూ తెలుస్తుంది కాబట్టి ఒక్క జవాబుతో మూడో వరసలో ఒక హద్దు గీత పడుతుంది.

ఈ మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వాళ్లను అడిగే చేయండి.

దించేటప్పుడు పైన కట్టిన తాడును నమ్మొద్దు. రెండు చేతులూ కింద చెక్కకు ఆనించి ఎత్తాలి. గోడకు ఆనిన వైపు చెదలు పట్టి ఉంటే చెక్క బయటికి బాగానే ఉన్నా లోపల పిండి అయి ఉంటుంది.

అద్దం మీద కుంకుమ బొట్లు, గంధం మరకలు ఉంటే తడిగుడ్డ పెట్టి తుడవకండి. నీళ్లు అంచులోంచి లోపలికి దిగుతాయి. అద్దం విడదీశాక కడుక్కోవచ్చు.

4. వెనక వైపు: విప్పకుండానే చదవాల్సింది

పటాన్ని దుప్పటి మీద బోర్లా పెట్టి, ఏదీ కదపకుండా ముందు ఫొటోలు తీయండి. టార్చిని పక్క నుంచి వేసి ఇంకో నాలుగు తీయండి, మాసిపోయిన పెన్సిల్ రాతలు ఏటవాలు వెలుతురులోనే కనిపిస్తాయి.

వెనక పలక ఏమిటో చూడండి. పాత పటాలకు పల్చటి చెక్క పలకలు, తరచుగా సామాన్ల పెట్టెల చెక్క, మేకులు కొట్టి బిగించి ఉంటుంది. ఆ చెక్క మీద కంపెనీ పేరు, ఊరి పేరు అచ్చు వేసి ఉంటే అదృష్టమే. తర్వాత అట్ట, హార్డ్‌బోర్డు, ప్లైవుడ్ వచ్చాయి. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే) పలక, తుపాకీతో కొట్టిన పిన్నులు ఉంటే పటం ఈమధ్య కట్టిందే, లేదా ఈమధ్య మళ్లీ కట్టించిందే. ఇవన్నీ మూడో వరసకు మాత్రమే.

అద్దం కూడా చూడండి. ఏటవాలుగా పట్టుకుని కిటికీ ప్రతిబింబం చూస్తే పాత అద్దంలో గీతలు అలలాగా వంకరపోతాయి. ఫ్లోట్ గ్లాస్, అంటే ఇప్పటి నున్నటి కొత్త రకం అద్దం, మన దేశంలో తయారవడం మొదలైంది 1990లలో, అందులో ప్రతిబింబం వంకర లేకుండా తిన్నగా ఉంటుంది. అయితే అద్దం పగిలితే మార్చేస్తారు, కాబట్టి దీన్ని బలమైన సాక్ష్యంగా పెట్టుకోవద్దు.

ఇక దుమ్ము పోకుండా అంటించిన పేపర్లు. ఇవి దొరికితే పండగే. తేదీ ఉన్న ముక్క కనిపించకపోయినా పేపర్ పేరు తెలిస్తే చాలు:

- గోలకొండ పత్రిక: 1926 నుంచి
- ఆంధ్రప్రభ: 1938 నుంచి
- సియాసత్: 1949 నుంచి
- ఆంధ్రజ్యోతి: 1960 నుంచి
- ఈనాడు: 1974 నుంచి
- సాక్షి: 2008 నుంచి
- నమస్తే తెలంగాణ: 2011 నుంచి

పేరు కూడా లేకపోతే సినిమా ప్రకటనలు, ఎన్నికల వార్తలు, బంగారం ధరలు చదవండి. సినిమా పేరు ఒక్కటి పూర్తిగా చదవగలిగితే ఏడాది తేలిపోతుంది. కాకపోతే దుకాణాల్లో పాత పేపర్లే వాడతారు కాబట్టి, పటం ఆ తేదీ తర్వాత కట్టిందని మాత్రమే అర్థం. ఎంత తర్వాత అన్నది పేపర్ చెప్పదు.

దుకాణం చీటీ ఉంటే పీకొద్దు. ఫొటో తీసి, అక్షరం అక్షరం రాసుకోండి. చిరునామాలో రాష్ట్రం పేరు, పిన్ కోడ్ ముఖ్యం. వాటి సంగతి తొమ్మిదో మెట్టులో.

5. విప్పడం

- పాత పేపర్లను చింపొద్దు. అంచుల్లో కత్తి పోనిచ్చి వీలైనంత పెద్ద ముక్కలుగా లేపండి, రాకపోతే పలకతో పాటే ఉంచేయండి.
- మేకుల్ని పైకి లాగొద్దు. పట్టకారుతో పక్కకు వంచి మెల్లగా కదిపితే వస్తాయి. తుప్పు పట్టి విరిగితే విరగనివ్వండి, సుత్తి మాత్రం వద్దు.
- మేకులన్నీ గిన్నెలో వేయండి. రెండు రకాల మేకులు, లేదా ఖాళీ రంధ్రాలు కనిపిస్తే ఈ పటాన్ని ఇంతకుముందే ఒకసారి విప్పారని అర్థం. నోట్ చేసుకోండి.
- పలక తీశాక లోపల ఒకటికి మించి అట్టలు ఉండొచ్చు. ఒక్కొక్కటిగా తీసి, తీసిన వరస ప్రకారం నంబర్లు వేయండి. పాత పటంలో కొత్త బొమ్మ పెట్టి, పాత బొమ్మనే వెనక అట్టగా వాడటం చాలా మామూలు విషయం. నిజాం బొమ్మ ముందు నెహ్రూ బొమ్మ వచ్చి కూర్చున్న పటాలు మన తెలంగాణ జిల్లాల్లో ఊహించలేనివేం కాదు.

ఇప్పుడు ఆగండి. ఫొటో అద్దానికి అంటుకుందా అన్నది చూడాలి. వెనక నుంచి అట్టను కొంచెం లేపి పక్క నుంచి టార్చి వేయండి. ఫొటో అద్దం నుంచి విడిగా కదులుతుంటే సరే. ముందు వైపు నుంచి చూసినప్పుడు తడి మచ్చల్లాగా నల్లగా, మెరుస్తూ కనిపించే చోట్లు ఉంటే అక్కడ అంటుకుంది. లాగకండి. కత్తి పెట్టకండి. ఆవిరి పట్టించమని, ఫ్రిజ్‌లో పెట్టమని వీడియోల్లో చెప్తారు, దాంతో ముఖం అద్దం మీదే ఉండిపోయి కాగితం చేతికొస్తుంది. అద్దం, ఫొటో కలిపే ఒక అట్ట మీద పెట్టి, అద్దం లోంచే స్కాన్ చేసి, అంతటితో వదిలేయండి. విడదీయడం తప్పనిసరి అయితే కన్జర్వేషన్ (పాత కాగితాలు, ఫొటోలు పాడవకుండా కాపాడే) విద్య తెలిసినవాళ్ల దగ్గరికే పోవాలి. ఫొటో స్టూడియో అతను ఎంత మంచివాడైనా అది అతని పని కాదు.

6. ఇది ఫొటోనా, అచ్చు బొమ్మా, ఫొటోకి ఫొటోనా?

ధరలు, ఆశలు అన్నీ ఇక్కడే తారుమారవుతాయి. భూతద్దం కంటికి ఆనించి, నాయకుడి బుగ్గ మీద పెట్టి చూడండి.

చుక్కలు చుక్కలుగా, వరసలు కట్టి కనిపిస్తే అది ప్రెస్‌లో అచ్చు వేసిన బొమ్మ. కేలండర్ బొమ్మలు, పార్టీ ఆఫీసులు పంచిన బొమ్మలు చాలావరకు ఇవే. సన్నటి రంగు జల్లు పడ్డట్టు ఉంటే ఇంక్‌జెట్, అంటే కొత్తది. చుక్కలేమీ లేకుండా నీడ నుంచి వెలుగుకు మెత్తగా మారుతుంటే అసలైన ఫొటో ప్రింట్.

అసలు ఫొటో అయితే ముదురు చోట్ల టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అంచుల్లో, నల్లటి కోటు మీద నీలం-వెండి మెరుపు కనిపిస్తే అది వెండి పైకి తేలడం. సిల్వర్ జెలటిన్ ప్రింట్లు, అంటే వెండి కలిసిన పైపొర ఉండే నలుపు-తెలుపు ఫొటోలు, దశాబ్దాల పాటు తేమ, గాలి తగిలి అట్లా అవుతాయి. ఈ మెరుపును నకలు చేయడం కష్టం. 1900కి ముందు నాటి ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత వేసిన కాగితం) ప్రింట్లు వేరుగా ఉంటాయి: పల్చటి కాగితం, దళసరి అట్ట మీద అంటించి ఉంటుంది, నీడలు గోధుమ-ఊదా, తెల్లటి చోట్లు పసుపు. మహబూబ్ అలీ ఖాన్ కాలం, అంటే 1911కి ముందు నాటి దర్బారు ఫొటోలు మీ ఇంట్లో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. అట్ట మీద దీన్ దయాళ్ స్టూడియో ఉబ్బెత్తు ముద్ర ఉంటే మాత్రం ఇంట్లో పరీక్షలు ఆపేసి తెలిసినవాళ్లకు చూపించండి.

ఫొటోకి ఫొటో తీసి వేసినదాన్ని పట్టుకునే కిటుకు ఒకటుంది. బొమ్మలో గీతలు, మడతలు, చిరుగులు కనిపిస్తాయి కదా, ఏటవాలు వెలుతురులో అవి కాగితం మీద నిజంగా ఉన్నాయా చూడండి. కంటికి మడత కనిపిస్తోంది, కాగితం మాత్రం నున్నగా ఉంది అంటే, మడత పాత ఫొటోది, మీ చేతిలో ఉన్నది దాని నకలు. ముఖంలో వివరం తగ్గి తెలుపు-నలుపు గట్టిగా విడిపోవడం ఇంకో గుర్తు.

చేత్తో రంగులు వేసిన ఫొటోలూ ఉంటాయి. పెదవులకు గులాబీ రంగు, తలపాగాకు పసుపు, వెనక నీలం. భూతద్దంలో రంగు పైన పూతలాగా, కింద నలుపు-తెలుపు ఫొటోగా రెండు పొరలు కనిపిస్తాయి. రంగు ఉంది కాబట్టి కొత్తది అని పక్కన పెట్టేయొద్దు.

స్థానిక నాయకుడిని పెద్ద నాయకుడి పక్కన అతికించిన ఫొటోలు కూడా ఉన్నాయి. ఇద్దరి ముఖాల మీద వెలుగు ఒకే వైపు నుంచి పడుతోందా, భుజాల చుట్టూ తెల్లటి పొగలాంటి అంచు ఉందా చూడండి.

7. కాగితం చెప్పేది

ఫొటో వెనక వైపు కంపెనీ పేరు లేతగా అచ్చు వేసి ఉండొచ్చు. ఇది రెండో వరసకు దొరికే మంచి ఆధారం.

- ఆగ్ఫా-గేవర్ట్ అని కలిపి ఉంటే 1964 తర్వాత. ఆ రెండు కంపెనీలు ఒకటైంది అప్పుడే.
- ఓర్వో అని ఉంటే 1964 తర్వాత.
- ఇందు అని ఉంటే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లది, 1967కి ముందు ఉండదు.

కాగితం పట్టుకుంటే ప్లాస్టిక్‌లా జారుతూ, వెనక వైపు కూడా నున్నగా ఉందంటే రెజిన్ పూత కాగితం. మన స్టూడియోల్లోకి అది వచ్చింది 1970ల తర్వాతే. బట్టలాగా దళసరిగా, అంచులు ముందుకు వంగి ఉంటే పాత ఫైబర్ కాగితం.

గది చీకటి చేసి, ఒక మూల మీద క్షణం పాటు యూవీ లైటు వేయండి. నీలి-తెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉంది, అది ఫొటో కాగితాల్లోకి వచ్చింది 1950లలో. మెరవకపోతే పాతదని రుజువు కాదు, ఆ తర్వాత కూడా మెరవని కాగితాలు వచ్చాయి. ఇంకో మాట: సర్ఫ్‌తో ఉతికిన గుడ్డతో ఎవరైనా ఎప్పుడో తుడిచి ఉంటే ఆ మరకలు కూడా మెరుస్తాయి.

కొలత కూడా రాయండి. ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు ఉంటే పాత ఫుల్ ప్లేట్ సైజు. సరిగ్గా ఏ4 కాగితం సైజు ఉంటే ఇక ఆశలు పెట్టుకోకండి.

8. బొమ్మలో ఉన్నది: బట్టలు, జెండా, గుర్తు, హోదా

ఇది మొదటి వరస. చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు, అదే ఇబ్బంది. అయినా ఆధారాలు ఎక్కువ దొరికేదీ ఇక్కడే.

బట్టల సంగతి. గాంధీ కొల్లాయి మాత్రమే కట్టుకుని ఉంటే 1921 సెప్టెంబరు తర్వాత. సుభాష్ బోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ యూనిఫాంలో ఉంటే 1943 తర్వాత. భగత్‌సింగ్ టోపీ పెట్టుకున్న బొమ్మకు మూలం 1929 నాటి స్టూడియో ఫొటో; దాని మీద వేసిన రంగుల బొమ్మలు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

జెండా. మధ్యలో అశోక చక్రం ఉంటే 1947 జూలై 22 తర్వాత. రాట్నం ఉంటే అంతకు ముందుది అని అనుకోకండి, ఎందుకంటే స్వాతంత్ర్యం తర్వాత కూడా కాంగ్రెస్ పార్టీ జెండా మీద రాట్నం కొనసాగింది. సభ ఫొటో అయితే అది పార్టీ జెండానా, దేశం జెండానా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎన్నికల గుర్తులు ఇంకా గట్టివి. కాంగ్రెస్ జోడెడ్లు 1952 ఎన్నికల నుంచి 1969లో పార్టీ చీలేదాకా. ఇందిర కాంగ్రెస్ ఆవు-దూడ 1971, 1977 ఎన్నికలవి. హస్తం 1978 నుంచి. సైకిల్ కనిపిస్తే తెలుగుదేశం, ఆ పార్టీ పుట్టింది 1982 మార్చి 29న.

హోదా ఇంకా మేలు. బొమ్మ కింద రాసిన పదవి పేరు చదివి, ఆ పదవిలో ఆ మనిషి ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నాడో చూస్తే రెండు వైపులా గీత పడుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి:

- నిజాం ఉస్మాన్ అలీ ఖాన్: గద్దె ఎక్కింది 1911. "హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్" అని ఉంటే 1918 తర్వాత. సిల్వర్ జూబిలీ అని ఉంటే 1937 ఉత్సవాలది. "రాజ్‌ప్రముఖ్" (గవర్నర్ లాంటి పదవి) అని ఉంటే 1950 జనవరి నుంచి 1956 అక్టోబరు దాకా. కాబట్టి నిజాం పటం అనగానే 1948 పోలీసు చర్యకు (హైదరాబాద్ రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన సైనిక చర్యకు) ముందుది అని రాసేయకండి.
- హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పేరు: 1938లో నిషేధించారు, 1946లో ఎత్తేశారు. దర్జాగా పేరు వేసి గోడకు పెట్టుకున్న గ్రూప్ ఫొటో ఎక్కువగా 1946 తర్వాతిదే అయి ఉంటుంది.
- బూర్గుల రామకృష్ణారావు, ముఖ్యమంత్రి: 1952 నుంచి 1956.
- పీవీ నరసింహారావు: మంథని ఎమ్మెల్యేగా 1957 నుంచి 1977. ముఖ్యమంత్రిగా 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి. హన్మకొండ ఎంపీగా 1977 నుంచి, 1984 ఎన్నికల్లో అక్కడ ఓడిపోయేదాకా. ప్రధానిగా 1991 జూన్ నుంచి 1996 మే. పేరు ముందు "భారతరత్న" ఉంటే ఆ రాత 2024 తర్వాతిది.

"కీ.శే." అని ఉంటే రాత ఆ మనిషి పోయిన తర్వాతిది. నెహ్రూ అయితే 1964 మే 27 తర్వాత. అయితే రాత ఫొటోతో పాటే నెగెటివ్ మీద రాసిందా, ప్రింట్ మీద తర్వాత రాసిందా, చుట్టూ ఉన్న అట్ట మీద అచ్చు వేసిందా అన్నది భూతద్దంతో చూడండి. నెగెటివ్ మీద నల్ల ఇంకుతో రాస్తే ప్రింట్‌లో తెల్లగా, ఫొటోలో భాగంగా వస్తుంది. అది మొదటి రెండు వరసలకూ పనికొస్తుంది. అట్ట మీది రాత మూడో వరసకే.

9. అంకెలు, లిపి, ధర

పాత హైదరాబాద్ రాజ్యంలో తీసిన ఫొటోల మీద ఉర్దూ అంకెల్లో 1346, 1355 లాంటి సంవత్సరాలు కనిపిస్తాయి. ఇవి ఫసలీ (నిజాం సర్కారు పన్నుల లెక్క కేలండర్) కావచ్చు, హిజ్రీ (ముస్లింల చాంద్రమాన కేలండర్) కావచ్చు. రెండింటికీ లెక్క వేరు.

- ఫసలీకి 590 కలపండి. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి ఆపై నెలలకు 591. ఫసలీ 1346 అంటే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు.
- హిజ్రీని 0.97తో గుణించి 622 కలపండి. హిజ్రీ 1355 అంటే 1936 మార్చి నుంచి 1937 మార్చి.

చూశారా, రెండూ జూబిలీ కాలమే, అంకెలు మాత్రం వేరు. ఫసలీ 1346ను హిజ్రీ అనుకుని లెక్కేస్తే 1927-28 వస్తుంది, తొమ్మిదేళ్ల తేడా. పక్కన "ఫ" అక్షరమో "హి" అక్షరమో ఉందేమో ఉర్దూ చదవగలిగిన వాళ్లకు చూపించండి. వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ పాత భూమి కాగితాలు చదివి పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్లకిది రెండు నిమిషాల పని.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే 60 ఏళ్లకోసారి అదే పేరు వస్తుందని మరవకండి. సర్వజిత్తు 1947-48 కావచ్చు, 2007-08 కావచ్చు. కాగితం చూసి తేల్చుకోవాలి.

కట్టుడు ధర రాసి ఉంటే అది కూడా సాక్ష్యమే. "3-8-0" లాగా మూడు ముక్కలుగా ఉంటే రూపాయలు, అణాలు, పైలు, అంటే 1957 ఏప్రిల్‌కు ముందు. "న.పై." (నయా పైసలు) ఉంటే 1957 నుంచి 1964. ఉస్మానియా సిక్కాల్లోనా (నిజాం సొంత రూపాయి), కల్దార్‌లోనా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది కూడా రాసి ఉంటే నిజాం కాలం వైపు మొగ్గొచ్చు.

చిరునామాలో "హైదరాబాద్ దక్కన్" అని ఉంటే 1956కి ముందు వైపు, "ఆం.ప్ర." ఉంటే 1956 నవంబరు తర్వాత. 506తో (వరంగల్ వైపు), 505తో (కరీంనగర్ వైపు), 504తో (ఆదిలాబాద్ వైపు) మొదలయ్యే పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. పాత చీటీలు అయిపోయేదాకా వాడతారు కాబట్టి "దీని తర్వాత కాదు" అనే గీత కొంచెం వదులుగానే ఉంచండి.

10. పోల్చి చూడటం

ఫోన్‌లో బొమ్మతో వెతికే సౌకర్యం ఉంది కదా, ముఖం వరకే కత్తిరించి ఒకసారి, మొత్తం బొమ్మతో ఒకసారి వెతకండి. దొరికిన దాని కింద రాసిన తేదీని గుడ్డిగా నమ్మొద్దు. ఒకరు తప్పు రాస్తే వంద చోట్ల అదే తప్పు ఉంటుంది.

సభ ఫొటోలకు పాత పత్రికలే దిక్కు. ప్రెస్ అకాడమీ చాలా పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి పెట్టింది. హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి పాత గ్రంథాలయాల్లో అడగండి, పోయేముందు ఫలానా సభ, ఫలానా నెల అని చీటీ రాసుకుని పోతే వాళ్లకూ సులువు. నిజాం కాలపు కాగితాలకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. నెహ్రూ, ఇందిర లాంటి వాళ్ల అధికారిక ఫొటోలకు కేంద్ర ప్రభుత్వ ఫొటో డివిజన్.

గ్రూప్ ఫొటో అయితే నాయకుడిని వదిలేసి వెనక వరసలో నిలబడ్డ పిల్లల్ని చూడండి. మీ ఇంట్లోవాళ్లే అయితే పుట్టిన సంవత్సరం తెలుసు, వయసు అంచనా వేయొచ్చు. దీంతో తేలినన్ని ఫొటోలు ఇంకే ఆధారంతోనూ తేలవు.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

- చెక్క పాతది కాబట్టి ఫొటో పాతదే అనుకోవడం. పాత చెక్కలు కొని కొత్త బొమ్మలు బిగించి అమ్మేవాళ్లున్నారు. చెక్క మీద దుమ్ము గీత, అట్ట మీద ఎండకు రంగు మారిన గీత ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి.
- గోధుమ రంగు ఉంటే వందేళ్లది అనుకోవడం. సెపియా రంగు ఏ కాలంలోనైనా వేయొచ్చు, ఇప్పుడు ఫోన్‌లో కూడా వేస్తున్నారు. ఆరో మెట్టు పరీక్షలు చేయండి.
- లామినేషన్ చేయించడం. చేయించాక కాగితాన్ని పరీక్షించలేరు, వెనక్కీ తీయలేరు. ఇప్పటికే చేయించి ఉంటే పీకే ప్రయత్నం వద్దు, పైనుంచే స్కాన్ చేయండి.
- వెనక పెన్నుతో తేదీ రాయడం. ఎవరైనా రాసి ఉంటే చెరపకండి, అది ఎవరి చేతిరాతో కనుక్కుని నోట్ చేయండి.
- ఒక్క ఆధారం దొరకగానే ఆపేయడం. ఒక్కో వరసకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలైనా ఉండాలి.
- పాత రాతను యథాతథంగా నమ్మడం. ముప్పై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన సంవత్సరాలు తరచుగా ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటాయి. ముఖ్యంగా "1948" అని ఉన్నవి, మన దగ్గర అన్ని పాత సంగతులూ ఆ ఏడాదికే పోయి ఆగుతాయి.

12. చీటీ రాయడం

ఒక ఉదాహరణ. నర్సంపేట వైపు ఇంట్లో గ్రూప్ ఫొటో ఉందనుకుందాం. మధ్యలో పీవీ, కింద తెల్ల అక్షరాల్లో "విదేశాంగ మంత్రి, హన్మకొండ ఎం.పి." అని ఉంది. ఎంపీ అన్నదానితో 1977-84 వస్తుంది, ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్నది 1980 జనవరి నుంచి 1984 జూలై, కాబట్టి చిన్నదే తీసుకోవాలి. కాగితం వెనక ఇందు అని ఉంది, 1967 తర్వాతది, అంటే అడ్డేమీ లేదు. రాత నెగెటివ్ మీదిది. వెనక అంటించిన ఈనాడు ముక్క మీద 1986 అని ఉంది.

అప్పుడు రాయాల్సింది ఇలా:

- తీసింది: 1980-84 మధ్య (హోదాను బట్టి)
- ప్రింట్ వేసింది: 1980 తర్వాత, బహుశా తీసినప్పుడే (నెగెటివ్ మీది రాత, కాగితం)
- కట్టించింది: 1986 లేదా ఆ తర్వాత (వెనక పేపర్)
- చెప్పినవాళ్లు: ఎవరు, ఏ రోజు, ఏమన్నారు
- ఇంకా తేలనివి: ఏ సభ, ఎడమ నుంచి మూడో మనిషి ఎవరు

"సుమారు 1980" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత చూసేవాళ్లకు మీరు దేన్ని బట్టి అన్నారో తెలియదు. బ్రాకెట్లో కారణం తప్పనిసరి. చీటీని ఫొటోకు అంటించకుండా పటం వెనక కవరులో పెట్టండి, ఇంకో కాపీ స్కాన్లతో పాటు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

13. మళ్లీ కట్టించేటప్పుడు

దుకాణం అతనికి పటం ఇచ్చి సాయంత్రం వస్తానని పోవద్దు, దగ్గర కూర్చోండి. అంచులు సరిపోవట్లేదని ఫొటోను కత్తిరించడం వాళ్లకు అలవాటు, ఆ కత్తిరించిన అంచులోనే స్టూడియో పేరు పోతుంది.

- ఫొటోకు, అద్దానికి మధ్య ఖాళీ ఉండాలి, చుట్టూ దళసరి అట్ట కిటికీ పెట్టించండి
- వెనక ఆమ్లం లేని అట్ట, దొరకకపోతే కనీసం మధ్యలో మంచి తెల్ల కాగితం
- ఫెవికాల్, సెల్లోటేపు ఫొటోకు తగలొద్దు
- పాత పలక, పేపర్లు, చీటీ, మేకులు పారేయనివ్వకండి, కవరులో వేసి తెచ్చుకోండి
- పాత చెక్క గట్టిగా ఉంటే అదే వాడమనండి, వార్నిష్ వద్దు

వేలాడదీసేటప్పుడు వాన గోడను, దేవుడి గదిలో దీపం పైభాగాన్ని, ఎండ పడే కిటికీ ఎదురు గోడను వదిలేయండి. పటం కింది రెండు మూలల వెనక చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, చెదలు వస్తే తొందరగా కనబడుతుంది. వానాకాలం అయ్యాక ఏడాదికోసారి దించి వెనక చూసుకోండి.